ఎనభై మైక్రాన్లు

"మూడేళ్ళు చూసుకోనక్కర్లేదంటే ఏటి దానర్థం?" అన్నాడు నాన్న ఫోన్‌లో.

సిరామిక్ కోటింగ్ గురించి చెప్తున్నాను. ఒక్కసారి వేయిస్తే మూడేళ్ళు మైనం రాయక్కర్లేదు, దుమ్ము అంతగా అతుక్కోదు, నీళ్ళు కొడితే చాలు. డబ్బు నేనిస్తాను. నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, ఆ ఒక్క ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగకుండా "ఇదిగో, అమ్మ మాట్లాడతాదంట" అని ఫోన్ ఇచ్చేశాడు.

అంతకు రెండు వారాల ముందు, ఏప్రిల్‌లో, నాన్న కారు పక్కన పడిపోయాడు. పెద్దగా ఏమీ కాలేదు. ఎండలో రెండు గంటలు నిలబడి బానెట్ రుద్దుతుంటే కళ్ళు తిరిగాయి. ఎదురింటివాళ్ళు చూసి, లేపి కూర్చోబెట్టి మజ్జిగ తాగించారు. మోచెయ్యి కొట్టుకుపోయింది. ఈ సంగతి నాకు నాలుగు రోజుల తర్వాత తెలిసింది, అదీ అమ్మ నోరు జారితే. నాన్నకి డెబ్బై ఒకటి. నేను హైదరాబాద్‌లో, తమ్ముడు డాలస్‌లో. దూరంగా ఉన్న పిల్లలు ఇలాంటప్పుడు ఏం చేస్తారో నేనూ అదే చేశాను. డబ్బుతో కొనగలిగే పరిష్కారం ఏముందా అని వెతికాను.

మా కారు 1999లో కొన్న మారుతి 800. ఎరుపు. ఆ మోడల్ తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది గానీ, మా ఇంట్లో అది ఇంకా నడుస్తోంది. నాన్న రేవు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెన్సీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఇల్లు వైజాగ్ వన్‌టౌన్‌లో. అక్కడ పెరిగినవాళ్ళకి నల్లదుమ్ము గురించి చెప్పక్కర్లేదు. రేవులో దిగే బొగ్గు, ఓడలెక్కే ఇనుప ఖనిజం, గాలి ఎటు తిరిగితే అటు. పొద్దున్న తుడిచిన గచ్చు మీద సాయంత్రం నడిస్తే అరికాళ్ళు నల్లబడతాయి. దానికి తోడు సముద్రం మీంచి ఉప్పుగాలి. ఈ రెంటి మధ్యా ఒక ఎర్ర కారుని పాతికేళ్ళు ఎర్రగా ఉంచడం ఇంకో ఉద్యోగం. నాన్న అది కూడా చేశాడు.

నెలలో మొదటి ఆదివారం కారు రోజు. పసుపుపచ్చ రేకు డబ్బా, మూత తీస్తే కిరసనాయిలు వాసన. అమ్మ పాత నేతచీరల ముక్కలు. ముక్కని తడిపి, గట్టిగా పిండి, డబ్బాలోని ముద్దని అద్ది గుండ్రంగా రుద్దేవాడు. ఆరాక తెల్లగా పొడి తేలేది, విభూతి రాసినట్టు. తుడిచే పని నాది. తమ్ముడు క్రికెట్‌కి పారిపోయేవాడు. తెల్లపొడి కింద నుంచి ఎర్రటి మెరుపు, ఆ మెరుపులో నా మొహం. అదంతా అయ్యాక గుడ్డ ముక్క ఎర్రగా ఉండేది. "చూశావా అమ్మలూ, ఎంత మురికి వచ్చిందో!" అనేవాడు నాన్న. నేను దాన్ని అమ్మకి చూపించడానికి లోపలికి పరిగెత్తేదాన్ని. "నా ఇత్తడి గిన్నెల్ని ఒక్కరోజైనా ఇలా తోమితే పుణ్యం ఉండేది" అనేది అమ్మ.

ఈ గుడ్డ సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వస్తుంది.

సిరామిక్ కోటింగ్ నాకు కొత్త కాదు. రెండేళ్ళ క్రితం హైదరాబాద్‌లో గ్రే రంగు కారు కొన్నప్పుడు ఇరవై ఎనిమిది వేలు పెట్టి వేయించాను. షాపతను "9హెచ్ మేడమ్" అన్నాడు. స్కూల్లో చదువుకున్న ఖనిజాల పట్టిక గుర్తొచ్చింది. అందులో వజ్రం పది. ఇది తొమ్మిదంటే వజ్రానికి ఒక్క మెట్టు కిందన్నమాట అని మురిసిపోయాను. ఆ 9హెచ్‌కీ వజ్రానికీ ఏ సంబంధం లేదని తర్వాత తెలిసింది. అది పెన్సిల్ లెక్క. మనం బొమ్మలేసుకునే పెన్సిళ్ళే, 6బి నుంచి 9హెచ్ దాకా. పూత మీద ఒక్కో పెన్సిల్‌నీ ఒత్తి లాగుతూ పోతారు. ఏ పెన్సిల్ దాకా గీత పడలేదో అదే ఆ పూత గట్టిదనం. అంటే నేను కొన్నది, అన్నిటికన్నా గట్టి పెన్సిల్ గీయలేని పూత. ఇసుక రేణువు పెన్సిల్ కన్నా చాలా గట్టిది. మన రోడ్ల మీద పెన్సిళ్ళు ఎగరవు, ఇసుకే ఎగురుతుంది.

అయినా నెలల తరబడి సంతోషంగానే ఉన్నాను. వాన పడితే నీళ్ళు గుండ్రటి బొట్లుగా నిలిచేవి. తామరాకు మీద నీటిబొట్టు అని మనం చిన్నప్పటి నుంచీ వింటున్న మాట నా బానెట్ మీద నిజమైంది. తామరాకు మీద కూడా మైనమే ఉంటుంది. కంటికి కనిపించని సన్నటి మొలకల్లా ఆకు అంతా పరుచుకుని ఉంటుంది. బొట్టు ఆ మొనల మీదే నిలబడుతుంది తప్ప ఆకుకి అంటుకోదు, జారిపోతూ దుమ్ముని కూడా తీసుకుపోతుంది. 1997లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త బార్త్‌లోట్, ఆయన సహచరుడు నైన్‌హుయిస్ దీని మీద రాసిన పరిశోధనాపత్రం తర్వాత, తనని తాను శుభ్రం చేసుకునే పూతలంటూ మార్కెట్లో బోలెడు వచ్చాయి.

నా తామరాకు ఎనిమిది నెలలకి వాడింది. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళు, ఒకటే ఉప్పు. పొద్దున్నే కార్లు కడిగే కుర్రాడు పాతిక కార్లు కడగాలి, ఒక్కోదాన్నీ తుడిచి ఆరబెట్టేంత టైం అతనికి లేదు. కోటింగ్ ఉన్నందుకే నీళ్ళు బొట్లుగా నిలిచాయి. నిలిచిన బొట్టు నిలిచినట్టే ఎండింది. నీళ్ళు పోయి కాల్షియం మిగిలి, కారంతా తెల్లటి ఉంగరాలు. షాపుకి తీసుకెళ్తే "మెయింటెనెన్స్ వాష్‌లు చేయించలేదు కదా మేడమ్" అన్నారు. చూసుకోనక్కర్లేదన్నారు కదా అంటే, చూసుకోనక్కర్లేదంటే అలా కాదు మేడమ్ అన్నారు.

ఇంత జరిగాక కూడా నాన్న కారుకి అదే వేయించాలనుకున్నాను. కాకపోతే ఈసారి చదివి, తెలుసుకుని, జాగ్రత్తగా వేయించాలనుకున్నాను. అలా చదవడం మొదలుపెట్టాను.

బజార్లో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది మైనం. మంచి మైనాలన్నీ కార్నౌబా పేరు చెప్పుకుంటాయి. అది ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే చెట్టు. దూరం నుంచి చూస్తే తాటిచెట్టే అనుకుంటాం, ఆకులు అలాగే విసనకర్రల్లా ఉంటాయి. అక్కడి ఎండలకి ఆకులోని తడి ఆవిరైపోకుండా ఆ చెట్టు తన ఆకుల మీద తానే మైనం పూసుకుంటుంది. ఆకులు కోసి, ఎండబెట్టి, కొడితే అది పొడిగా రాలుతుంది. తేనెపట్టు మైనం 62-64 డిగ్రీల దగ్గరే కరిగిపోతే, ఇది 80 దాటేదాకా కరగదు. లోపలి నీళ్ళు బయటికి పోకుండా చెట్టు చేసుకున్న ఏర్పాటుని, బయటి నీళ్ళు కారుకి అంటకుండా మనం వాడుకుంటున్నాం. అయితే డబ్బాలో ఉండేది వట్టి కార్నౌబా కాదు. అది గట్టిగా, పెళుసుగా ఉంటుంది కాబట్టి నూనెలూ ద్రావకాలూ కలిపి మెత్తబరుస్తారు. మన ఎండల్లో నెల, మహా అయితే రెండు నెలలు నిలుస్తుంది.

రెండోది సీలెంట్. ఇది ఫ్యాక్టరీలో పుట్టింది. సిలికోన్ల వంటి పాలిమర్లు పెయింట్‌ని పట్టుకుని పల్చటి పొరలా ఆరిపోతాయి. నాలుగైదు నెలలుంటుంది, నీడపట్టున ఉండే బండికి ఇంకొంచెం ఎక్కువ. మైనానిది తడి మెరుపు, సీలెంట్‌ది గాజు మెరుపు అంటారు. నాకు ఆ తేడా ఎరుపు మీద కనపడింది, గ్రే మీద ఎప్పుడూ కనపడలేదు. మూడోది సిరామిక్, ఏళ్ళ తరబడి ఉంటుంది. తీసేయాలంటే పాలిష్ పెట్టి అరగదీయాల్సిందే.

ఏదీ రాయి దెబ్బని ఆపదు. పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే పడే గీతల్నీ పూర్తిగా ఆపదు. పిట్ట రెట్ట పడితే తుడుచుకోవడానికి కాస్త గడువిస్తుంది, అంతే. చదవగా చదవగా నాకర్థమైంది ఒకటే. మూడూ చేసేది ఒకటే పని, పెయింట్‌కి బదులుగా తాము అరిగిపోవడం. ఎంతకాలంలో అరుగుతాయన్నదే తేడా. కాబట్టి ఏది మంచిదని అడగడం కన్నా, మళ్ళీ ఎప్పుడు వచ్చి రాయగలవని మనల్ని మనం అడుక్కోవడం నయం.

ఈ ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబు లేదు. ఏడాదికి మూడుసార్లు వెళ్తాను. అందుకేగా మూడేళ్ళది వెతికింది.

మే నెలలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మర్నాడు పెట్రోలు కొట్టించుకొస్తానని చెప్పి, కారు తీసుకుని బీచ్ రోడ్డు వైపున్న ఒక డిటైలింగ్ షాపుకి వెళ్ళాను. అక్కడ ఒక పాతికేళ్ళ కుర్రాడు కారు చుట్టూ తిరిగి, చిన్న మీటరు తెచ్చి బానెట్‌కి ఆనించాడు. పెయింట్ మందం కొలిచే మీటరది. ఎనభై. టాప్ మీద డెబ్బై రెండు. ఎడమ డోరు మీద రెండొందల అరవై. "ఈ డోరు మళ్ళీ పెయింటైంది కదా మేడమ్" అన్నాడు. అయింది. 2004లో ఆటో గీసింది.

"మామూలుగా ఎంతుండాలి?"

"కొత్త బండికి నూట పది, నూట ఇరవై, అలా ఉంటుంది మేడమ్."

తర్వాత తెల్లటి మైక్రోఫైబర్ గుడ్డ మీద చుక్క పాలిష్ వేసి బానెట్ మూల రెండుసార్లు రుద్ది, నాకు చూపించాడు. గుడ్డ ఎర్రగా ఉంది.

"మురికా?" అన్నాను. నోటికి అదే వచ్చింది.

"కాదు మేడమ్, రంగు. ఇప్పటి బండ్లకి రంగు మీద క్లియర్ కోట్ ఉంటుంది, రుద్దితే గుడ్డకి రంగు రాదు. ఇది పాత సింగిల్ స్టేజ్. పైనున్నది రంగే. ఎండకి పైపొర చచ్చిపోయి గులాబీగా అవుతుంది. దాన్ని రుద్ది తీస్తే కింద ఎరుపు బయటపడుతుంది. తీసిన ప్రతిసారీ కొంచెం పోతుంది."

మనం అన్నిటినీ పాలిష్ అనే అంటాం. నిజానికి పాలిష్ తీసేది, మైనం వేసేది. ఆ పసుపుపచ్చ డబ్బాలో రెండూ ఉండేవి. మెత్తటి రాపిడి పొడి, దాంతో కలిపి కాస్త మైనం. అంటే నెలకోసారి, పాతికేళ్ళు, నాన్న ఆ కారుని కొంచెం కొంచెంగా గుడ్డలోకి తుడిచేశాడు. తెల్లపొడి తుడిచి, ఎర్రగుడ్డని విజయపతాకంలా అమ్మ దగ్గరికి పట్టుకుపోయింది నేను.

"కోటింగ్ వేస్తారా మరి?"

"వెయ్యాలంటే ముందు మెషీన్ పాలిష్ చెయ్యాలి మేడమ్, లేకపోతే ఈ మచ్చలన్నీ కోటింగ్ కింద అలాగే ఉండిపోతాయి. అంచుల దగ్గర ఇప్పటికే పల్చగా ఉంది, ప్రైమర్ కనపడిపోవచ్చు. మీరు చెయ్యమంటే చేస్తాను. మా నాన్న బండైతే చెయ్యను."

డబ్బులొచ్చే పనిని వద్దన్న ఆ కుర్రాడికి థాంక్స్ చెప్పి, అతని దగ్గరే ఒక సీలెంటూ, రాపిడి లేని మైనం డబ్బా ఒకటీ, క్లే ముక్కా కొనుక్కుని వచ్చేశాను. తిరిగొచ్చేటప్పుడు దారంతా ఒకటే ఆలోచన, చెప్పాలా వద్దా అని. చెప్పకపోతే ఆ పసుపు డబ్బా మళ్ళీ బయటికొస్తుంది. చెప్తే పాతికేళ్ళ ఆదివారాల్ని తప్పుబట్టినట్టవుతుంది.

సాయంత్రం వీధి అరుగు మీద కూర్చున్నప్పుడు చెప్పాను.

"నాన్నా, ఆ గుడ్డకి అంటుకునేది మురికి కాదంట."

"మరేటి?"

"పెయింట్."

నాన్న కారు వైపు చూశాడు. మొహంలో ఏమీ కనపడలేదు. నేను షాపుకెళ్ళిన సంగతీ, మీటరు సంగతీ అన్నీ చెప్పాను. నూట ఇరవై ఉండాల్సింది అని మాత్రం అనలేదు.

"ఎంత మిగిలిందంట?"

"బానెట్ మీద ఎనభై. మైక్రాన్లు."

"ఎనభై మైక్రాన్లంటే ఎంతవుతాదది?"

పక్కన అమ్మ దువ్వెన ఉంది. దాన్లోంచి ఒక వెంట్రుక తీసి ఇచ్చాను. "అటూ ఇటూగా ఇంత మందం."

నాన్న దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని లైటు వైపు పెట్టి చూశాడు. "ఇన్నేళ్ళు రుద్దినా ఇంకా ఇంత ఉందా?" అన్నాడు. కాస్సేపాగి, "చాల్లే, నా మట్టుకి సరిపోద్ది" అన్నాడు.

ఆ ఎనభైలో అడుగునున్న ప్రైమర్ పొరలు కూడా కలిసే ఉంటాయనీ, రంగు అందులో సగం కూడా ఉండకపోవచ్చనీ నేను చెప్పలేదు.

"ఫోన్‌లో మూడేళ్ళ గురించి అడిగావు కదా" అన్నాను.

"అదేటంటే అమ్మలూ, నెలకోసారి దీని చుట్టూ తిరుగుతాను కదా. ఎక్కడ తుప్పు మొదలైందో, ఏ టైరులో గాలి తగ్గిందో, అద్దం రబ్బరు ఎక్కడ ఊడిందో అప్పుడే తెలుస్తాది. రుద్దేటప్పుడు చెయ్యి తగుల్తాది. మూడేళ్ళు చూసుకోనక్కర్లేదని నువ్వంటే, ఇక మూడేళ్ళు ఎవరూ చూడరనే కదా."

ఆయన కారు గురించే అన్నాడు. నేనే ఇంకోలా విన్నాను.

మర్నాడు అయిదున్నరకే లేచాం. ఎండ రాకముందే అయిపోవాలన్నది నా షరతు. రెండు బక్కెట్లు, ఒకటి షాంపూ నీళ్ళు, ఒకటి చెయ్యి కడుక్కునే నీళ్ళు. బట్టల సబ్బు, గిన్నెల సబ్బు వాడితే ఉన్న మైనం కూడా పోతుందని నాన్నకి చెప్తే, "ఇన్నాళ్ళూ అదే చేశాం" అని నవ్వాడు. కడిగాక నాన్న చేతికి పల్చటి పాలిథిన్ కవర్ తొడిగి బానెట్ మీద మెల్లగా జరపమన్నాను. వట్టి చేతికి నున్నగా తగిలేది, కవర్‌తో చూస్తే గరుకుకాగితంలా తెలుస్తుంది. "ఓరి, ఇదంతా ఎక్కడిది?" అన్నాడు. రేవుది. పెయింట్‌లో దిగబడిపోయిన దుమ్ము. షాంపూ నీళ్ళు జల్లుకుంటూ క్లే ముక్కని ఒత్తకుండా జరిపాను. క్లే నల్లగానూ, కాస్త గులాబీగానూ అయింది. ఆ గులాబీ చూసి ఇద్దరం ఏమీ అనుకోలేదు.

తర్వాత సీలెంట్. చాలా పల్చగా, ఒక్కో భాగానికి రూపాయి బిళ్ళంత. ఎక్కువ రాస్తే ఎక్కువ కాపాడదు, తుడవడానికి చెయ్యి నొప్పి తప్ప. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని సూపర్‌వైజ్ చేస్తున్న నాన్న ఆరుంపావుకి లేచి నిలబడ్డాడు.

"నాకేటి పని?"

ఇక్కడ నాకు రసాయనశాస్త్రం సాయపడింది. మైనం మీద సీలెంట్ సరిగ్గా అతకదు. కానీ సీలెంట్ ఆరాక దాని మీద మైనం రాయొచ్చు. కాబట్టి కింది పొర నాది, పై పొర నాన్నది. ఈ డబ్బాలో రాపిడి పొడి లేదు, ఎన్నిసార్లు రాసినా పెయింట్ పోదు. రేపు పొద్దున్న, ఒక్క బానెట్ మాత్రమే, ఏడు లోపల, కుర్చీ పక్కనే ఉండాలి. టాప్ జోలికి వెళ్ళకూడదు, అది నేనొచ్చినప్పుడు నేనే చేస్తాను. అన్నిటికీ తలూపాడు. ఆ తలూపడం మీద నాకు సగమే నమ్మకం. మిగతా సగం బాధ్యత అమ్మకి అప్పగించాను.

అమ్మ అప్పుడు వంటింట్లో ఆవకాయ తిరగకలుపుతోంది. మూడోరోజు. మేమేం చేస్తున్నామో అడిగింది. రెండు పొరలు, అరిగిపోతే మళ్ళీ రాయడం, అంతా చెప్పాను. "ఓస్, పచ్చడి మీద నూనె తేలినట్టే కదా" అంది. "నూనె తగ్గితే మళ్ళీ పోస్తాం. దానికేటి?"

మర్నాడు నాన్న బానెట్‌కి మైనం రాశాడు. కొత్త మైనం అయినా, చీరముక్కా ఆ గుండ్రంగా రుద్దడమూ పాతవే. తుడిచే పని నాది. పాతికేళ్ళలో మొదటిసారి గుడ్డ తెల్లగా వచ్చింది. నాన్న దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కొంచెం వెలితిగా అనిపించినట్టుంది.

కారు కొత్తదాన్లా ఏం అయిపోలేదు. టాప్ ఇంకా గులాబీరంగే. బానెట్ అంచుల్లో రంగు పల్చబడిన చోట్లు, ఇప్పుడు తెలుసు కాబట్టి, నాకు ఇంకా బాగా కనిపిస్తున్నాయి. రాత్రి గాలివానకి బొట్లు మాత్రం గుండ్రంగా నిలిచాయి. నాన్న టార్చిలైటు వేసుకుని వెళ్ళి చూసొచ్చాడు, పొద్దున్న ఎండిపోకముందే నేను తుడిచాను.

సీలెంట్ నాలుగు నెలలు. మే అయింది, తర్వాత దసరా, ఆ తర్వాత సంక్రాంతి. నేను ఇంటికెళ్ళే మూడుసార్లకీ సరిగ్గా సరిపోయింది. ఇంకో సీలెంట్ ఆర్నెల్లు ఉంటుందని షాపులో చూపించాడు గానీ, నేను ఇదే తీసుకున్నాను.

బయల్దేరే రోజు సాయంత్రం వంటింట్లో నీళ్ళు తాగుతూ గోడ మీది తెలుగు క్యాలెండర్ చూశాను. దసరా దగ్గర పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది. పక్కన నాన్న గుమాస్తా దస్తూరీ: "బండికి కింది పూత."